రానివారు చెప్పేది: గోదావరి జిల్లాల్లో క్లినికల్ పరిశోధనలు, సమ్మతి, కొనసాగింపు

క్లినికల్ ట్రయల్స్ నివేదికల్లో మధ్యలో మానేసినవారు ఒక శాతంగా మిగిలిపోతారు. చేర్చుకోవడాన్ని ఒక సమస్యగా, నిలుపుకోవడాన్ని మరో సమస్యగా చూడటమే ఇందుకు మూలం. కోనసీమలో ఈ విభజన కుదరదని నా వాదన. డాక్టరుగారి ముఖం మీద "వద్దండి" అనడం అమలాపురం, రాజోలు, కొత్తపేట ఇళ్లలో చాలామందికి చేతకాదు. సంతకం పెట్టి వెళతారు, తర్వాతి పరీక్షకు రారు. చేరేరోజున మనం వినని నిరాకరణే తర్వాత గైర్హాజరుగా నమోదవుతుంది.

రాకుండా ఉండే వీలు కూడా లేనివారి సంగతి ఖమ్మంలో చూశాం. 2009 జూలైలో పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి 10–14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు మొదలుపెట్టాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14 వేల మంది బాలికలకు గార్డసిల్ అనే ఆ టీకా వేశారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపించింది. టీకా వేయించుకున్నవారిలో కొందరు బాలికలు చనిపోయారు; ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. సమ్మతి సంగతి వేరు. 2013 ఆగస్టు నాటి పార్లమెంటరీ స్థాయీ సంఘం 72వ నివేదిక ప్రకారం 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి, 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు. హాస్టల్లో ఉండే పిల్ల రెండో డోసు రోజున ఎక్కడికి పోగలదు? అక్కడ ఎంతమంది కొనసాగినా ఆ అంకె ఇష్టాన్ని కొలవదు.

మన డెల్టాలో ఇంకో అనుభవం ఉంది. బైర్రాజు ఫౌండేషన్, కేర్ ఫౌండేషన్, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ తదితరులు ఉభయ గోదావరి జిల్లాల్లో ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్ నడిపారు. 1,80,162 జనాభా ఉన్న 45 గ్రామాల్లో మరణాల కారణాలు నమోదు చేశారు. 1,354 మరణాల్లో 1,329 కుటుంబాలు వివరాలు చెప్పాయి. గుండె, రక్తనాళాల జబ్బులే 32 శాతం మరణాలకు కారణమని అలా తెలిసింది. అడిగినవారు గ్రామాల్లో పనిచేసే ఆరోగ్య కార్యకర్తలు. ఇది మందు పరీక్ష కాదు. ఒకసారి జవాబు చెప్పడం వేరు, నెలల తరబడి మాత్రలు మింగి రక్తం ఇవ్వడం వేరు. అయినా చావు జరిగిన ఇంట్లో అంతమంది నోరు విప్పారంటే అడిగిన మనిషి మీద నమ్మకమే ప్రధానమని నేననుకుంటున్నాను.

చిక్కు కూడా ఆ నమ్మకంలోనే ఉంది. కాన్పుకు తోడొచ్చిన ఆశా కార్యకర్త ట్రయల్‌లో చేరమంటే కాదనగలిగేవారు ఎంతమంది? ఆమె వార్డెన్ కాదు, కానీ ఆమె మాటకూ బరువుంది. అందుకే పరిచయం ఆమె చేయాలి, సమ్మతి వేరొకరు అడగాలి. పత్రం ఇంటికి పంపి కనీసం ఒక రాత్రి గడవనివ్వాలి. 2019 కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు కొన్ని సందర్భాల్లో సమ్మతిని వీడియో తీయమంటున్నాయి. ఆ వీడియోలో ఒప్పుకోలు కనిపిస్తుంది, మొహమాటం కనిపించదు.

మానేసిన ప్రతివారూ ఇష్టంలేకే మానరు. వీసా వస్తే రాజోలు, మలికిపురం వైపు మహిళలు కువైట్, ఖతార్, మస్కట్ వెళ్లిపోతారు. వరదల కాలంలో కాజ్‌వేలు మునిగితే లంక గ్రామాలకు పడవే దిక్కు. గల్ఫ్ ప్రయాణం తలపెట్టారా అని చేరేముందే అడగాలి. వరద నెలలకు మందులు ముందుగా ఇవ్వాలి, పరీక్షలు ఊళ్లోనే చేయాలి. పడవ ఖర్చునూ పోయిన కూలీనీ లెక్కగట్టి చెల్లించాలి. ఈ ఏర్పాట్లన్నీ చేశాక కూడా రానివారుంటే, వాళ్లే ఆ పరిశోధనకు అసలు జవాబు చెప్పగలవారు. ఒత్తిడి లేకుండా వాళ్లను కలిసి కారణం అడగాలి, ఆ కారణాలను ఫలితాలతోపాటే ప్రచురించాలి.

చేరనన్నవారి సంఖ్య కూడా ప్రతి కేంద్రమూ నమోదు చేయాలి. అడిగినవారందరూ చేరారని ఎక్కడినుంచైనా నివేదిక వస్తే, ఎథిక్స్ కమిటీ సభ్యులు ముందుగా వెళ్లవలసింది ఆ ఊరికే.