గడువు తేదీ దాటితే పారేయాల్సిందేనా? ప్యాకెట్ లేబుల్, మిగిలిన వంట గురించి ప్రతి ఇంటికీ తెలియాల్సిన విషయాలు

మన ఇళ్లలో రెండు అలవాట్లు పక్కపక్కనే కనిపిస్తాయి. బిస్కెట్ ప్యాకెట్ మీద 'బెస్ట్ బిఫోర్' తేదీ నిన్నటితో అయిపోయిందని చూడగానే తీసుకెళ్లి చెత్తబుట్టలో వేస్తాం. అదే రోజు మధ్యాహ్నం దావత్ నుంచి తెచ్చిన బిర్యానీని మాత్రం డబ్బాలోనే వంటగదిలో వదిలేసి, రాత్రి పది గంటలకు కాస్త వేడి చేసి పిల్లలకు పెడతాం. ఈ రెండింట్లో మనిషిని ఆసుపత్రి దాకా తీసుకెళ్లే అవకాశం బిర్యానీకే ఎక్కువ. ప్యాకెట్ మీద తేదీకి భయపడే మనం, వండిన తిండి విషయంలో గడియారం వైపు చూడం. దీనివల్ల డబ్బూ పోతుంది, ఆరోగ్యమూ పోతుంది.

వృథా అనగానే హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు గుర్తుకొస్తాయి. కానీ ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతా కలిపి సుమారు 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలోనే. భారతదేశంలో ఒక్కో మనిషికి ఏడాదికి సుమారు 55 కిలోలు ఇళ్లలో వృథా అవుతోందని అదే నివేదిక అంచనా. అయిదుగురున్న ఇంట్లో లెక్క వేసుకుంటే ఏడాదికి 275 కిలోలు. ఇందులో తొక్కలు, ఎముకల్లాంటివి కూడా కలిసి ఉన్నాయి. అయినా తక్కువేమీ కాదు.

లేబుల్ మీద తేదీలు ఏం చెబుతాయి?

మన దేశంలో ఆహార ప్యాకెట్ల నియమాలు చూసేది ఎఫ్ఎస్ఎస్ఏఐ. 2020లో వచ్చిన లేబులింగ్ నియమాల ప్రకారం తయారీ తేదీ లేదా ప్యాకింగ్ తేదీ, దాంతో పాటు 'ఎక్స్‌పైరీ' లేదా 'యూజ్ బై' తేదీ తప్పనిసరిగా ఉండాలి. 'బెస్ట్ బిఫోర్' అనేది కంపెనీ కావాలనుకుంటే అదనంగా వేసుకునేది. ఈ మాటలకు అర్థం ఒక్కటి కాదు.

తయారీ తేదీ, ప్యాకింగ్ తేదీ: వస్తువు ఎప్పుడు తయారైంది, ఎప్పుడు ప్యాక్ అయింది అని మాత్రమే చెబుతాయి. తొందరలో దీన్నే గడువు అనుకుని మంచి సరుకు పారేసేవాళ్లు ఉన్నారు. ముందు ఏ తేదీ పక్కన ఏ మాట ఉందో చూడండి.

బెస్ట్ బిఫోర్: ఇది నాణ్యతకు సంబంధించిన తేదీ. అప్పటి వరకు రుచి, వాసన, కరకర కంపెనీ చెప్పినట్టే ఉంటాయి. ఆ తర్వాత కాస్త తగ్గొచ్చు. సరిగ్గా నిల్వ చేసి ఉంటే, తేదీ దాటినా తినడానికి పనికొచ్చే అవకాశం ఉందని ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమాల్లోనే ఉంది.

యూజ్ బై, ఎక్స్‌పైరీ: ఇది భద్రతకు సంబంధించిన తేదీ. దాటితే అమ్మకూడదు, తినకూడదు. వాసన బాగానే ఉంది కదా అనే లెక్క ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే జబ్బు తెచ్చే క్రిములు చాలాసార్లు వాసన, రుచి మార్చవు.

ప్యాకెట్ మీద రెండు తేదీలూ ఉంటే ఎక్స్‌పైరీయే ఆఖరు మాట. ఇప్పుడు చాలా సరుకుల మీద ఎక్స్‌పైరీ ఉంటుంది కాబట్టి, తేదీ దాటాక తినొచ్చా అని ఆలోచించడం కంటే తేదీలోపే వాడుకునేలా కొనడం మంచిది. కోయని పండ్లు, కూరగాయలు, చక్కెర, వెనిగర్ లాంటి వాటికి గడువు తేదీ తప్పనిసరి కాదు.

తేదీ లెక్క తప్పే సందర్భాలు

మొదటిది, ప్యాకెట్ తెరవడం. లేబుల్ మీద తేదీ సీల్ తీయని ప్యాకెట్‌కే వర్తిస్తుంది. టమాటా సాస్, అట్టపెట్టె పాలు, పనీర్, క్రీమ్ లాంటివి తెరిచాక ఎన్ని రోజుల్లో వాడాలో పక్కనే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. తెరిచిన రోజు తేదీని పెన్నుతో డబ్బా మీద రాసుకుంటే గొడవ ఉండదు.

రెండోది, నిల్వ. ఫ్రిజ్‌లో ఉంచాలని రాసిన పెరుగును ఎండలో స్కూటర్ డిక్కీలో పెట్టుకుని రెండు గంటలు బజారంతా తిరిగితే, దాని మీదున్న తేదీని ఇక నమ్మలేం. పాలు, పెరుగు, మాంసం సామాన్ల లిస్టులో చివర కొనండి, నేరుగా ఇంటికి రండి.

మూడోది, వేరే దేశాల నుంచి వచ్చిన సరుకు. మన దగ్గర ముందు రోజు, తర్వాత నెల రాస్తారు. అమెరికాలో ముందు నెల, తర్వాత రోజు. 04/07 అని ఉంటే మనకు జూలై 4, వాళ్లకు ఏప్రిల్ 7. అక్కడి నుంచి బంధువులు తెచ్చిన చాక్లెట్లు, పాల పొడి తేదీలు ఇది గుర్తుపెట్టుకుని చదవండి.

ఏది ఉంచాలి, ఏది పారేయాలి?

బిస్కెట్లు, సేమియా, పాస్తా, మసాలా పొడులు: బెస్ట్ బిఫోర్ మాత్రమే దాటి, ప్యాకెట్ గట్టిగా ఉండి, పురుగు, బూజు, తేమ లేకపోతే వాడుకోవచ్చు. మసాలా ఘాటు తగ్గి ఉంటుంది, అంతే.

నూనె, డ్రైఫ్రూట్స్: పాత నూనె కంపు, చేదు వస్తే తీసేయండి. వేరుశెనగ, మొక్కజొన్న, ఎండుమిర్చికి బూజు పడితే ఏరుకుని వాడొద్దు. కొన్ని రకాల బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా ఉడికించినా పూర్తిగా పోదు.

బ్రెడ్: ఒక ముక్క మీద బూజు కనిపిస్తే మొత్తం పారేయండి. కంటికి కనిపించేది కొంతే, లోపలికి పాకేది ఎక్కువ.

గుడ్లు: నీళ్లలో వేస్తే పైకి తేలిన గుడ్డు పాతదని అర్థం. మునిగింది కాబట్టి క్రిములు లేవని మాత్రం కాదు. విడిగా చిన్న గిన్నెలో పగలగొట్టి చూసి, బాగా ఉడికించి తినండి.

ఉబ్బిన డబ్బాలు: టిన్ను ఉబ్బినా, కారినా రుచి కూడా చూడొద్దు. తేదీ ఎంత ఉన్నా పారేయాల్సిందే.

పసిపిల్లల పాల పొడి: గడువు దాటితే ఒక్క రోజు కూడా వాడొద్దు. గర్భిణులు, ముసలివాళ్లు, సుగర్ లేదా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల తిండి విషయంలోనూ ఇంతే గట్టిగా ఉండాలి.

వండిన తిండికి గడియారమే గడువు

వండిన వాటికి లేబుల్ ఉండదు. క్రిములు వేగంగా పెరిగేది 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య. మన వంటగది ఏడాదంతా ఈ హద్దుల్లోనే ఉంటుంది. అందుకే వండిన ఆహారాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. గది వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మన ఎండాకాలంలో ఈ ఒక్క గంట లెక్కే పెట్టుకోవాలి.

అన్నం విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు ఉండొచ్చు. వండినా అవి చావవు. అన్నం గంటల తరబడి బయట ఉంటే మొలకెత్తి, వాంతులు తెప్పించే విషాన్ని తయారుచేస్తాయి. మళ్లీ వేడి చేస్తే క్రిమి చావొచ్చు గానీ ఆ విషం అలాగే ఉంటుంది. "బాగా వేడి చేశాం కదా" అనే ధైర్యం అందుకే సరిపోదు. అన్నం, బిర్యానీ, ఖిచిడీ మిగిలితే త్వరగా ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా అయిపోయేలా చూడండి. సాలన్, పప్పు, ఖీమా లాంటివి ఫ్రిజ్‌లో మూడు, నాలుగు రోజులు ఉంచొచ్చు.

పెద్ద దేగ్‌లో మిగిలిన హలీమ్, నిహారీ పైన చల్లారినట్టు కనిపించినా మధ్యలో గంటల పాటు గోరువెచ్చగానే ఉంటుంది. దాన్ని లోతు తక్కువ ఉన్న నాలుగైదు గిన్నెల్లోకి తీసి, ఆవిరి తగ్గాక ఫ్రిజ్‌లో పెట్టండి. తినేటప్పుడు కావాల్సినంత మాత్రమే తీసి, పొగలు వచ్చేదాకా మొత్తం వేడి చేయండి. ఒక్కసారే వేడి చేయాలి. పదేపదే తీసి, వేడి చేసి, మళ్లీ పెట్టడం మంచిది కాదు.

రమజాన్‌లో ఇది ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఇఫ్తార్‌కు చేసింది సహ్రీకి ఉంచాలంటే దస్తర్‌ఖాన్ మీద నుంచి లేవగానే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. తరావీహ్ నుంచి వచ్చాక చూద్దాంలే అంటే అప్పటికే రెండు గంటలు దాటిపోతాయి. కోసిన పండ్లు, దహీ వడకూ ఇదే లెక్క.

ఖుర్బానీ మాంసం, ఫ్రీజర్

బక్రీద్ రోజు మాంసం ఒక్కసారిగా వస్తుంది. పెద్ద కవర్‌లో ముద్దగా కుక్కితే లోపలిది గడ్డకట్టడానికి చాలాసేపు పడుతుంది. పైగా కిలో కావాలంటే అయిదు కిలోలు కరిగించాలి. ఒక పూటకు సరిపడా చిన్న ప్యాకెట్లు, పలుచగా చేసి, తేదీ రాసి పెట్టండి. బంధువులకు, లేనివాళ్లకు ఇచ్చే భాగాలు ఆ రోజే పంపేస్తే ఫ్రీజర్ మీద భారం ఉండదు.

పచ్చి ఖీమా మామూలు ఫ్రిజ్ అరలో ఒకటి రెండు రోజులే. ముక్కలు మూడు నుంచి అయిదు రోజులు. ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర నెలల తరబడి ఉంటుంది. ఖీమా మూడు, నాలుగు నెలల్లో వాడితే రుచి పోదు. ఫ్రీజర్ క్రిములను చంపదు, నిద్రపుచ్చుతుంది. అందుకే గడ్డకట్టిన మాంసాన్ని సింక్ పక్కన పొద్దంతా వదలకుండా, ముందు రోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలో పళ్లెం మీద పెట్టి కరగనివ్వండి. నీరు వేరే వాటి మీద కారదు.

కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకండి. మూసి ఉంటే ఫ్రిజ్‌లో సుమారు 4 గంటలు చల్లదనం నిలుస్తుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్‌లో 48 గంటలు, సగం నిండినదైతే 24 గంటలు.

వృథా తగ్గించే అలవాట్లు

ఒక వారం పాటు ఏం పారేస్తున్నారో కాగితం మీద రాయండి. ఒక ఇంట్లో అన్నం, ఒక ఇంట్లో కొత్తిమీర, ఇంకో ఇంట్లో పిల్లల టిఫిన్ బాక్సు. సమస్య ఎక్కడుందో తెలిస్తేనే కొలత మారుతుంది. బియ్యం చేత్తో అంచనా కాకుండా గ్లాసుతో కొలిచి పోయండి.

కొత్త సరుకు వెనుక, పాత సరుకు ముందు పెట్టండి. త్వరగా వాడాల్సినవి కంటికి ఎదురుగా ఒకే అరలో ఉంచండి. బజారుకు వెళ్లే ముందు ఆ అర చూసి లిస్టు రాయండి. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న చోట ముందు తేదీ చూడండి, గడువు దగ్గరపడిన సరుకే అలా వస్తుండొచ్చు.

వడ్డించేటప్పుడు ముందు కొంచెమే పెట్టండి, మళ్లీ అడిగితే వేయండి. మెహమాన్ ప్లేటు నింపడమే మర్యాద అనుకుంటే సగం చెత్తలోకి పోతుంది. ప్లేటులో ఎంగిలైంది దాచలేం, గిన్నెలో మిగిలింది దాచుకోవచ్చు.

మిగిలింది పంచేటప్పుడు

వలీమా, అఖీఖా దావత్‌లలో మిగిలేది ఎవరికి ఇవ్వాలో ముందే మాట్లాడి పెట్టుకోండి. అర్ధరాత్రి అందరూ వెళ్లిపోయాక ఫోన్లు చేస్తే అప్పటికే ఆలస్యం అవుతుంది. మిగిలిన ఆహారాన్ని సేకరించి పంచడానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ 2019లో ప్రత్యేక నియమాలు తెచ్చింది. వడ్డించని, శుభ్రంగా మూతపెట్టిన తిండి మాత్రమే ఇవ్వండి, ఎప్పుడు వండారో చెప్పండి. మనం తినడానికి వెనకాడేది పేదవాడికి ఇవ్వడం సాయం కాదు, జబ్బును అంటగట్టడం.

కొనేటప్పుడే చూడండి

తేదీ మీద ఇంకో స్టిక్కర్ అంటించి ఉన్నా, అంకెలు చెరిపి ఉన్నా కొనొద్దు. ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు ఉందో లేదో చూడండి. విడిగా అమ్మే మిఠాయిల దగ్గర కూడా బెస్ట్ బిఫోర్ తేదీ పెట్టాలని 2020 అక్టోబర్ 1 నుంచి నియమం ఉంది. లేకపోతే అడగండి, అది మీ హక్కు. గడువు దాటిన సరుకు అమ్మితే బిల్లు, ప్యాకెట్ ఫొటో దగ్గర పెట్టుకుని ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో గానీ, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు గానీ ఫిర్యాదు చేయొచ్చు.

అన్నీ గుర్తు లేకపోయినా మూడు చాలు. బెస్ట్ బిఫోర్ అంటే రుచి, ఎక్స్‌పైరీ అంటే భద్రత. వండిన తిండికి రెండు గంటలు, ఎండాకాలంలో ఒక గంట. అనుమానం ఉన్నది ఎవరికీ పెట్టొద్దు, అనుమానం వచ్చేదాకా ఏదీ దాచొద్దు.