వియత్నాంలో అభిమానుల సబ్‌టైటిల్స్: స్వలింగ ప్రేమ సినిమాకు దొరికిన దారి

వియత్నాం ఇళ్లలో విదేశీ సినిమా చాలాకాలం ఒకే గొంతుతో మాట్లాడింది. ‘తుయెట్ మిన్’ అనే పద్ధతిలో అసలు సంభాషణల మీద ఒక్క వ్యాఖ్యాతే పాత్రలన్నిటి మాటలూ చదివేస్తాడు. స్వలింగ ప్రేమ కథలకు మాత్రం ఆ గొంతు కూడా కరువే. ప్రేక్షకుల వయసును బట్టి సీ13, సీ16, సీ18 అని సినిమాలను విడదీసే పద్ధతి 2017లో గానీ రాలేదు. అంతవరకూ సెన్సారు కత్తెరదే రాజ్యం.

1997 నవంబరులో దేశానికి ఇంటర్నెట్ వచ్చింది. తర్వాతి దశాబ్దంలో జపాన్ యానిమేలకు, కొరియా సీరియళ్లకు కుర్రకారు సొంతంగా సబ్‌టైటిల్స్ రాయడం మొదలుపెట్టింది. ‘వియట్‌సబ్’ అనే మాట అలా వాడుకలోకొచ్చింది. ఒకరు అనువదిస్తారు, తరచూ ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ నుంచే. ఇంకొకరు ‘ఏజీసబ్’ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ప్రతి వాక్యానికీ మొదలు, ముగింపు సమయాలు కుదురుస్తారు. మరొకరు దాన్ని వీడియోలో కలిపేస్తారు. పైసా జీతం లేదు.

థాయ్ చిత్రం ‘లవ్ ఆఫ్ సయామ్’ (2007) మొదలు ‘లవ్ సిక్’ (2014), ‘సోటస్’ (2016) సీరియళ్ల దాకా వియత్నామీలోకి వచ్చింది ఈ చేతుల మీదుగానే. 2016 ఫిబ్రవరిలో చైనా వెబ్ సీరియల్ ‘అడిక్టెడ్’ను పూర్తికాకముందే అక్కడ తొలగించారు. వియత్నాంలో మాత్రం అది చేతులు మారుతూనే ఉంది.

ఈ అనువాదకులకు అసలు చిక్కు వరసల దగ్గర. వియత్నామీలో ‘నేను’, ‘నువ్వు’ అనడానికి చుట్టరికపు మాటలే ఎక్కువగా వాడతారు. ప్రేమికుల్లో మగవాడు ‘ఆన్’, అంటే అన్న. ఆడమనిషి ‘ఎమ్’, అంటే చెల్లి లేదా తమ్ముడు. ఇద్దరూ మగవాళ్లయితే ఎవరు ఎవరికి ఆన్? స్నేహితుల పిలుపు నుంచి ప్రేమికుల పిలుపుకు ఏ సీన్లో మారాలి? అసలు భాషలో చాలాసార్లు లేని ఈ తీర్పు అనువాదకుడే చెప్పాలి.

ఈలోగా సమాజమూ కదిలింది. 2000 నాటి వివాహ చట్టం స్వలింగ వివాహాన్ని నిషేధించింది. 2011లో వూ నోక్ డాంగ్ తీసిన స్వలింగ ప్రేమ చిత్రం ‘లాస్ట్ ఇన్ ప్యారడైజ్’ టొరంటో చిత్రోత్సవానికి వెళ్లింది. 2012 ఆగస్టులో హనోయిలో తొలి ప్రైడ్ ప్రదర్శన జరిగింది. 2013లో స్వలింగ వివాహ వేడుకలపై జరిమానా ఎత్తేశారు. 2015 జనవరి 1 నుంచి నిషేధమూ పోయింది. గుర్తింపు మాత్రం ఇవ్వలేదు. ఈ మార్పులన్నీ సబ్‌టైటిల్స్ పుణ్యమే అనలేం. ఉద్యమకారుల కృషి పెద్దది.

2016లో నెట్‌ఫ్లిక్స్ వచ్చింది, 2019లో వియత్నామీ నేర్చింది. అభిమానుల పని కాపీరైట్ చట్టానికి విరుద్ధమన్నది నిజమే. వియత్నాం 2004లోనే బెర్న్ ఒప్పందంలో చేరింది. అయినా కంపెనీలు గుమ్మం తొక్కేసరికి ఈ కథలు చూసే జనం అక్కడ సిద్ధంగా ఉన్నారు. వాళ్లను తయారుచేసింది మార్కెట్టూ కాదు, ప్రభుత్వమూ కాదు. వియత్నాం సినిమా చరిత్ర రాసేవాళ్లు ఈ జీతంలేని అనువాదకులకు ఒక అధ్యాయం కేటాయించాల్సిందే.