జేబులో జంగ్

మా దుల్హాభాయ్ ఒకసారి జిద్దా నుంచి వస్తూ అమ్మీ కోసం అగ్గిపెట్టెంత ఎంపీత్రీ ప్లేయర్ తెచ్చారు. నాత్‌లు, ఖవ్వాలీలు నింపి ఇచ్చారు. దాని మీద ఏ కంపెనీ పేరూ లేదు. అయినా మా మొహల్లా మొత్తం దాన్ని ఐపాడ్ అనే పిలిచింది.

పేరు ఒకరికి, మెహనత్ ఇంకొకరిది. ఈ యంత్రాల తారీఖ్ అంతా ఇంతే. జేబులో పట్టే ప్లేయర్లలో ఐపాడే మొదటిదని చాలామంది ఖయాల్. గలత్. కొరియాలో సేహాన్ కంపెనీ 1998లోనే ‘ఎంపీమ్యాన్’ తెచ్చింది. అదే సంవత్సరం అమెరికాలో డైమండ్ కంపెనీ ‘రియో’ వచ్చింది. 32 మెగాబైట్లు, అంటే అరగంట పాటలు. ఆ అరగంటకే రికార్డు కంపెనీల సంఘం అదాలత్‌కెక్కింది. 1999లో అప్పీలు కోర్టు రియో పక్షానే ఫైసలా ఇచ్చింది. తన దగ్గరున్న పాటను సొంతంగా వినడానికి ఇంకో చోటికి మార్చుకోవడం తప్పు కాదంది. వెనక వచ్చినవాళ్లందరికీ రాస్తా సాఫ్ చేసింది రియోనే. ఇవాళ ఆ పేరు ఎందరికి యాద్ ఉంది?

అసలు జంగ్ మాత్రం సింగపూర్‌లోని క్రియేటివ్ కంపెనీకీ, ఆపిల్‌కీ మధ్య. క్రియేటివ్ వాళ్ల ‘నోమాడ్ జ్యూక్‌బాక్స్’ 2000లో వచ్చింది, 6 గిగాబైట్లతో. ఐపాడ్ 2001 అక్టోబర్ 23న వచ్చింది, 5 గిగాబైట్లతో, ధర 399 డాలర్లు. మొదట్లో ఆపిల్ కంప్యూటర్‌తో తప్ప పనిచేసేది కాదు. కాగితం మీద నోమాడ్‌దే పైచేయి. కానీ నోమాడ్ సీడీ ప్లేయరంత వెడల్పు, ఏ జేబులోనూ దూరదు. అప్పటి యూఎస్‌బీ తీగ మీద దాన్ని నింపాలంటే గంటలు పట్టేది. ఐపాడ్ బరువు 185 గ్రాములు. తోషిబా చేసిన బుల్లి డిస్కు అందులో ఉంది. ఫైర్‌వైర్ తీగతో వెయ్యి పాటలు పది నిమిషాల్లో ఎక్కుతాయని ఆపిల్ చెప్పుకుంది. 2003లో 99 సెంట్లకో పాట అమ్మే దుకాణం కూడా తెరిచింది. ఇక క్రియేటివ్ పట్టు జారిపోయింది.

క్రియేటివ్ యజమాని సిమ్ వాంగ్ హూ ఊరుకోలేదు. 2004లో ఐపాడ్ మీద జంగ్ ప్రకటించి, ప్రచారానికి 10 కోట్ల డాలర్లు పెడతానన్నాడు. బజారులో ఓడాడు. అయితే పాటలను వరసగా తెర మీద వెతుక్కునే పద్ధతి మీద 2005లో అతని కంపెనీకి పేటెంట్ దక్కింది. దాన్ని పట్టుకుని దావా వేస్తే 2006 ఆగస్టులో ఆపిల్ 10 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ పడింది. హిసాబ్ బరాబర్! ఇన్సాఫ్ అంటే ఇదేనా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. పైసలొచ్చాయి, పేరు రాలేదు.

అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ ‘జూన్’ దించింది. దోస్తుకు గాలిలోనే పాట పంపొచ్చు, కానీ ఆ దోస్తు మూడుసార్లు వినేసరికి, లేదా మూడు రోజులు గడిచేసరికి పాట మాయం. ఇచ్చి గుంజుకునే ఆ దోస్తీ ఎవరికీ నచ్చలేదు.

2022 మేలో ఆపిల్ కూడా ఐపాడ్‌కు ఖుదాహాఫిజ్ చెప్పేసింది. సిమ్ వాంగ్ హూ 2023 జనవరిలో కన్నుమూశాడు.

దుల్హాభాయ్ తెచ్చిన ప్లేయర్ పాడయి ఏళ్లయింది. అమ్మీ దాన్ని బీరువాలో రుమాల్‌లో చుట్టి పెట్టుకుంది. పారేద్దామంటే, ‘నా ఐపాడ్ ముట్టొద్దు’ అంటుంది.