కామందుకూ కౌలుదారుకూ నడుమ

మా మలికిపురం ప్రాంతములో కొబ్బరితోట ఒకరిది, దింపు తీయించేది మరొకరు. వరిచేను ఒకరిది, నాగలి పట్టేది మరొకరు. ఈ ఇరువురి నడుమ మాట మోసే మూడవ మనిషి ఒకడున్నాడు. అతనిని గూర్చియే ఈ నాలుగు మాటలు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తియై కాలువ నీరు పారిన తరువాత కోనసీమ భూమికి విలువ పెరిగినది. కాలక్రమమున కామందులు పలువురు చదువులకు, ఉద్యోగాలకు పట్టణాలు చేరిరి. వారి తరఫున గుమాస్తాయో, దగ్గర బంధువో కళ్ళము వద్ద నిలిచి మక్తా బస్తాలు కొలిపించుకొనేవాడు. గాలివానకు చేను పడిపోయినదని కౌలుదారు మొరపెట్టుకొనేది అతనితోనే. లూకా సువార్త 16వ అధ్యాయములోని గృహనిర్వాహకుడు చీటీలు తిరుగ వ్రాయించెను. ఇక్కడ చీటీయే లేదు. నోటిమాట తప్ప సాక్ష్యము లేని చోట, ఆ మాట మోసేవాడే యజమాని.

ఈ స్థితిని సరిచేయుటకు 1956లో ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టము వచ్చినది. 1974లో దానిని సవరించిరి. కౌలు కాలము ఆరేళ్ళకు తగ్గరాదనియు, తగవులు ప్రత్యేకాధికారి తీర్చవలెననియు అది చెప్పినది. కాని కాగితము పుట్టినచో భూమి చేజారునని కామందుకు భయము; కాగితము అడిగినచో చేను పోవునని కౌలుదారుకు భయము. మాట నోటనే నిలిచినది.

2011 సార్వాలో గిట్టుబాటు లేక కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించిరి. ఆ ఏడే కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇచ్చు చట్టము వచ్చినది. దాని స్థానములో వచ్చిన 2019 చట్టము 11 నెలల ఒప్పందముపై యజమాని సంతకము కోరినది. హైదరాబాదులోనో, విదేశములోనో ఉన్న యజమాని చేత ఆ సంతకము పెట్టించు పని మరల మధ్యవర్తి మీదనే పడినది. సంతకము రాకపోతే కార్డు లేదు. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు దొరకుట కష్టము.

ఒక తుపాను తరువాత ఒక కౌలుదారు మా వద్దకు వచ్చి, యజమానికి ఫోను చేసిపెట్టమనెను. మేము చేసితిమి. ఆయన పది బస్తాలు ఎప్పుడో తగ్గించియుండెను. కళ్ళమునకు చేరినవి నాలుగే. కౌలుదారు ఏమియు అనలేదు. కండువాతో ముఖము తుడుచుకొని వెళ్ళిపోయెను.

మధ్యవర్తి లేకుండ మన ఊళ్ళు సాగవు. అతడు మంచివాడైనను, తగ్గించిన లెక్కను తేదీతో రెండు ప్రతులు వ్రాసి, ఇరువురికీ చెరొకటి ఇచ్చుట మంచిది. అతని మంచితనమునకు కూడ అదే సాక్ష్యము.