పటములో ప్రజల పాలు

చిత్రమును చిత్రకారుఁ డొక్కఁడే వ్రాయునని మన మనుకొందుము. తెలంగాణపు పటముల చరిత్ర యట్లు చెప్పదు. 2016 వఱకు వరంగల్లు జిల్లాలోనుండిన చేర్యాలలో నకాషీలు గుడ్డకు గంజియు, సుద్దయు, చింతగింజల జిగురును పట్టించి, యెఱ్ఱని నేలపైఁ గథను వరుసగా వ్రాయుదురు. ఏ కథ వ్రాయవలెనో చెప్పువారు వేఱు.

మగ్గములకుఁ బేరొందిన కరీంనగర సీమయందు పద్మశాలీలకు మార్కండేయ పురాణమును వినిపించువారు కూనపులివారు. ముదిరాజులకు పాండవుల కథఁ జెప్పువారు కాకిపడగలవారు. మాదిగలకు జాంబపురాణముఁ జెప్పువారు డక్కలివారు. కథకుఁడు పటము వ్రాయించును. కులమువా రిచ్చు కట్నమే యాతని జీవనము. కావునఁ గుంచె పట్టనివారికిని పటములో పాలు కలదు. ఆదిలాబాదు గోండులకుఁ బర్ధానులు కిక్రి వాయించి పూర్వుల కథఁ జెప్పుటయు నిట్టి బంధమే.

గుడివాకిలి దాఁటనీయని కాలమున, తమ మూలపురుషుఁడగు జాంబవుఁడు సృష్టికి ముందే పుట్టెనని వినుట మాదిగలకుఁ జిన్న యూఱట కాదు. అయినను కులమునకొక పటమగుటచే పొరుగువాని కథ మనకుఁ దెలియకపోయెను.

నేఁడు పటము ముక్కలై గోడల కెక్కుచున్నది. కథకుని పిలుచు వాడలు తగ్గినవి. బొమ్మను కొని తెచ్చు గృహస్థు దాని కథనుగూడ నడిగి తెలిసికొని, యింటఁ బిల్లలకుఁ జెప్పవలెను. పొరుగువాని పురాణము మన యింట వినఁబడిననాఁడు పటమునకు నిజముగా వెల చెల్లించినవార మగుదుము.