త్రుప్పు పట్టిన చక్రము – కాగితపు ముక్క నేర్పిన పాఠము

మోటారుకారు ముందుచక్రపు బేరింగును ఇంటివద్దనే మార్చుకొనదలచిన వారికి ఒక చిక్కు తరచుగా ఎదురగుచుండును. నట్టులు ఊడివచ్చును గాని చక్రము కదలదు. చక్రము వచ్చినను బ్రేకు డిస్కు రాదు. డిస్కు వచ్చినను, చక్రమును మోయు హబ్బు తన గూటిని వదలదు. వానిని పట్టియుంచినది మర కాదు, మేకు కాదు, త్రుప్పు. ఇట్టి సమయమున మొదట చేతికి తోచునది సుత్తి. దానిని ఎత్తుటకు ముందు 260 ఏండ్లకు పైబడిన ఒక ఓడ కథను తెలిసికొనుట మంచిది.

18వ శతాబ్దమున కొయ్య ఓడలకు ఓడపురుగు పెద్ద శత్రువు. అది ఓడ అడుగును తొలిచి జల్లెడవలె చేయుచుండెడిది. దానినుండి కాపాడుటకై బ్రిటిషు నౌకాదళమువారు 1761లో 'అలారం' అను యుద్ధనౌక అడుగున రాగిరేకులు తాపడము చేయించి, ఇనుప మేకులతో బిగించి, వెస్టిండీసు సముద్రములకు పంపిరి. 1763లో పరీక్షించి చూడగా పురుగు సోకలేదు, రాగియు చెడలేదు. కాని పలుచోట్ల ఇనుప మేకులు తినివేయబడి రేకులు ఊడిపోయియుండెను. విచిత్రమేమనగా, కొన్ని మేకులు మాత్రము చెక్కుచెదరలేదు. రేకులకు చుట్టివచ్చిన గోధుమరంగు కాగితము ఆ చోట్ల తీసివేయబడక, రాగికిని ఇనుమునకును నడుమ మిగిలిపోయెను. కాగితమున్న చోట మేకు నిలిచెను, లేనిచోట నశించెను.

సముద్రపు నీటిలో ఈ రెండు లోహములను తాకనీయరాదని నావికులు గ్రహించిరి. ఎందుకు తాకనీయరాదో అప్పటికి తెలియదు. 1800లో ఓల్టా విద్యుద్ఘటమును ప్రకటించిన పిదప దారి దొరికెను. నేటి భాషలో చెప్పవలెనన్న, ఉప్పునీటిలో తాకియున్న రెండు భిన్నలోహములు ఒక విద్యుద్ఘటమగును. ఎలక్ట్రానులను సులభముగా విడుచు లోహము కరగిపోవుచు రెండవదానిని కాపాడును. అలారం ఓడలో కరగినది ఇనుము.

హంఫ్రీ డేవీ ఈ చర్యనే మేలుకు వాడుకొనజూచెను. రాగి తాపడమునకు తుత్తునాగపు ముక్కలు గాని, పోతయినుప ముక్కలు గాని జతచేసినచో అవి కరగి రాగిని కాపాడునని 1824లో తెలిపెను. రాగి నిజముగనే నిలిచెను. కాని కొద్దికొద్దిగా కరగు రాగియే సముద్రజీవులకు విషము. ఆ కరగుట ఆగగానే గుల్లలును నాచును ఓడ అడుగున పేరుకొని వేగమును తగ్గించెను. నాడు ఆ పద్ధతిని విడువవలసి వచ్చినను, నేడు ఉక్కు ఓడలకు తుత్తునాగపు దిమ్మెలను బిగించుట ఆ సూత్రముననుసరించియే.

హబ్బులో ఉక్కు ఉక్కునే తాకియున్నది గదా, అక్కడ భిన్నలోహము లేదే అని విద్యార్థి అడుగవచ్చును. ఇందుకు జవాబును 1920ల నాటి పరిశోధనలలో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు యూలిక్ ఈవాన్స్ ఒక ఉప్పునీటి చుక్కలో చూపెను. ఇనుప రేకుపై నిలిచిన చుక్క అంచునకు ప్రాణవాయువు ఎక్కువగా అందును, నడుమకు తక్కువ. ఇనుము కరగునది ప్రాణవాయువు తక్కువైన నడిమిభాగమున. లోహము ఒక్కటేయైనను, గాలి అందుటలోని తేడాయే దానిని విద్యుద్ఘటముగా మార్చును. హబ్బునకును గూటికిని నడుమనున్న సన్నని సందులోనికి నీరు చేరును గాని గాలి చాలినంత పోదు. అందుచే పైకి కనబడని ఆ చోటనే ఇనుము తినివేయబడుచుండును. పైగా ఇనుము త్రుప్పుగా మారినప్పుడు రెండింతలకు మించిన చోటును ఆక్రమించును. పెరుగుటకు సందులో చోటు లేదు గనుక అది రెండు భాగములను ఒత్తి బిగించివేయును.

ఇప్పుడు సుత్తి మాటకు వత్తము. స్వీడనుకు చెందిన బ్రినెల్ ఉక్కుగుండును లోహముపై ఒత్తి, పడిన గుంట కొలతనుబట్టి గట్టిదనమును నిర్ణయించు పద్ధతిని 1900లో ప్రకటించెను. హబ్బుపై సుత్తి దెబ్బ వేయువాడు తెలియకయే ఈ ప్రయోగము చేయుచున్నాడు. దెబ్బ బేరింగు గుండ్లద్వారా పోయి, అవి దొర్లు దారిలో గుంటలు పెట్టును. పారవేయు బేరింగునకు దానివలన నష్టము లేదు. మరల వాడదలచినదైనచో అది అప్పుడే చెడినట్లు.

కావున బలముకంటె ఉపాయము మేలు. చొచ్చుకొనిపోవు నూనెను చల్లి ఒక రాత్రి ఉంచినచో, దీపపు వత్తిలోనికి ఎక్కునట్లు అది సందులోనికి ఎక్కును. తరువాత పుల్లరుతో నలువైపుల సమముగా లాగవలెను. వేడి మరియొక సాధనము. ఉక్కు ప్రతి సెంటీగ్రేడు డిగ్రీకి తన పొడవులో పదిలక్షలకు సుమారు 12 పాళ్లు పెరుగును. 80 మిల్లీమీటర్ల గూడు లోపలి భాగముకంటె 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కినచో సుమారు 0.1 మిల్లీమీటరు వెడల్పగును. త్రుప్పు పట్టును సడలించుటకు అంతమాత్రమే చాలవచ్చును. అయితే నూనె చల్లినచోట మంట చూపుట ప్రమాదము. రబ్బరునకును, అల్యూమినియమునకును, తీగలకును మంట తగులరాదు. కేవలము జాకీపై నిలిపిన కారు క్రింద చేయి పెట్టరాదు, గట్టి దన్నులుండవలెను.

భాగము ఊడివచ్చుటతో పని ముగియలేదు. త్రుప్పును తీగల బ్రష్షుతో గీకివేసి, గూటిలో అతుకు తలములకు త్రుప్పుపట్టు నిరోధక గ్రీజును పలుచగా పూయవలెను. బ్రేకు రాపిడి తలములకు అది సోకరాదు. ఆ పలుచని పొరయే నేటి గోధుమరంగు కాగితము.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. మూడు గ్లాసులలో ఉప్పునీరు పోసి, ఒకదానిలో ఉత్త ఇనుప మేకును, ఒకదానిలో రాగితీగ చుట్టిన మేకును, మరియొకదానిలో తుత్తునాగపు పట్టీ చుట్టిన మేకును ఉంచి కొన్ని దినములు గమనింపజేయవలెను. అలారం నౌక కథయు, డేవీ ఉపాయమును ఆ గ్లాసులలోనే కనబడును. ఆ నౌకను పరీక్షించినవారు పాడైన మేకులను మాత్రమే లెక్కించి ఊరకుండినచో మనకు ఈ పాఠము దక్కెడిది కాదు. చెడని మేకులు ఎందుకు చెడలేదని కూడ వారు చూచిరి.