జెంటూ శబ్దము

విజయనగరసంస్థానము శ్రీకాకుళము సర్కారులోనిది. ఉత్తరసర్కారులు 1753వ సంవత్సరమున సలాబతుజంగువలన ఫ్రెంచివారికి లభించినవి. 1758లో ఆనందగజపతిరాజు తోడ్పాటుతో ఆంగ్లేయులు చందుర్తియొద్ద వారి నోడించిరి. ఆ కాలపు టాంగ్లేయులు ఈ సీమవారి భాషను తెలుఁగనక 'జెంటూ' యనుచుండిరి. ఈ పేరెట్లు వచ్చెను?

దీనికి మూలము లాటినుభాషలోని 'జెన్స్'. వంశమని దాని యర్థము. అందుండి పుట్టిన 'జెంటిలిస్' మొదట సవంశీయుని, పిదప క్రైస్తవుల వాడుకలో అన్యమతస్థుని దెల్పెను. పోర్చుగీసువా రీ రెండవ యర్థమునే గైకొని, మహమ్మదీయులను 'మూరు'లనియు హిందువులను 'జెంతియో'లనియు వ్యవహరించిరి. ఆంగ్లేయుల నోట నదియే జెంటూ యయ్యెను. హాల్‌హెడ్డు 1776లో వంగదేశమున సంకలితమైన హిందూధర్మశాస్త్రమును జెంటూ న్యాయములను పేరఁ బ్రకటించెను. అచ్చట నది హిందువుల కెల్లఁ జెల్లెను. చెన్నపట్టణమున మాత్రము తెలుఁగునకు జెంటూ యనియు, అరవమునకు మలబారు అనియుఁ బేళ్లు.

ఆ లాటినుమాటయే ఫ్రెంచిలో 'జాంతి' యై సౌమ్యునకును, ఇటాలియనులో 'జెంతీలె' యై మర్యాదగలవానికిని, ఆంగ్లమున 'జెంటిల్' అయి మొదట కులీనునకును పిదప మృదుస్వభావునకును వర్తించెను. ఒక్క తల్లి బిడ్డలలో నొకరికి మన్నన, వేఱొకరికి మతభేదము పాలయ్యెను.

1816లో కాంబెల్ దొర తన వ్యాకరణమునకుఁ దెలుఁగు పేరు ముందుంచి, జెంటూ యనునది వాడుకపేరని మాత్రమే చెప్పెను. మఱుసటియేఁట విలియం బ్రౌను మరల జెంటూ యనియే వాడినను, ఆ పేరు క్రమముగా నశించెను. కాంబెల్ గ్రంథముననే ఎల్లిసుదొర తెలుఁగు సంస్కృతజన్యము కాదనియు, అరవ కన్నడములతో నేకకుటుంబమనియు నిరూపించెను. వంశవాచకమునుండి పుట్టి వంశమును మఱచిన యీ పరనామము తొలఁగుచుండఁగా, తెలుఁగునకుఁ దన పేరును తన వంశమును ఒక్క పుస్తకముననే దక్కినవి.